అత్తమ్మ ఏరిన దారి

రాష్ట్రం రాకముందు మాట. రెండువేల పదో సంవత్సరం కార్తీకమాసంలో మా అత్తమ్మ చేతిలోంచి చీపురు తీసేసుకున్నారు. ఎవరో గుంజుకున్నారని కాదు. ఒక పొద్దున హాజరు వేసే చోట మున్సిపాలిటీ జవాను ఆమె కార్డు చూసి, "వెంకటనర్సమ్మా, నీకు అరవై నిండినయి, రేపటి సంది రాకు" అన్నాడట. ఇరవై రెండేళ్లు నాచారంలో అవే మూడు వీధులు ఊడ్చిన మనిషి. ఆ రోజు కూడా మూడు వీధులూ పూర్తిచేసి, చీపురు అప్పజెప్పి ఇంటికి వచ్చి, "అయిపాయె" అని ఒక్క మాట అని, అన్నం తిని పడుకుంది.

అయిపోలేదు. మర్నాడు చీకటితోనే లేచి, ఇంట్లో చీపురు పట్టుకుని పోయి మా వీధంతా ఊడ్చింది. ఆ మర్నాడు పక్క వీధి కూడా. వారం తిరిగేసరికి జవాను మా గడపలోకి వచ్చాడు. కొత్తగా పెట్టుకున్న పిల్ల వచ్చేసరికే రోడ్డంతా శుభ్రంగా ఉంటోందట. ఆ పిల్ల ఉత్తినే హాజరు వేయించుకుంటోందని పైవాళ్లు అంటున్నారట.

"ముసలమ్మను జర ఇంట్ల వెట్టుకో బాలరాజన్నా. ఆ పోరి నౌకరి పోతది" అన్నాడు.

మా ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్ అయ్యాక కూడా తల్లి రోడ్లు ఊడుస్తోందని ఎవరైనా అంటే ముఖం చిన్నబుచ్చుకునే మనిషి. ఇప్పుడు జీతం లేకుండా ఊడుస్తోంది. ఆ రోజే చీపురు తీసి అటక మీద పడేశాడు.

ఇక ఆ శక్తంతా ఇంటి మీద పడింది. మాది ఒక గది, ఒక వంటిల్లు. నేను మాత్రల కంపెనీలో ప్యాకింగ్‌లో ఎనిమిది గంటలు నిలబడి వచ్చేసరికి నా డబ్బాలు ఒకటీ ఉన్నచోట ఉండేవి కావు. సగం వాడిన సబ్బు మాయం. పిన్నీసులు మాయం. "ఇంత చెత్త ఎందుకు వెట్టుకున్నవే పద్మా" అనేది. నా ఇంట్లో నన్నే చెత్త కింద జమకట్టినట్టు ఉండేది. నాకేమీ పెద్ద మనసు లేదు. అప్పుడసలే లేదు.

ఒక ఆదివారం ఆమె నీళ్ల కోసం బయటికి పోయినప్పుడు మా ఆయనతో అన్నాను: "అత్తమ్మను జనగాంల వదినె దగ్గర దించి రారాదు? కొన్నాళ్లు."

ఆయన చేతిలో చాయ్ అలాగే ఉండిపోయింది. "అమ్మ బిడ్డింట్ల ఎట్లుంటది పద్మా? మంది ఏమంటరు?"

"మంది వచ్చి ఈడ వంటచేస్తరా?"

మా ఆడబిడ్డ సాలమ్మది ఉమ్మడి కాపురం. అత్త, మామ, మరిది అందరూ ఒకే చూరు కింద. అలాంటి ఇంట్లో పిల్లనిచ్చిన తల్లి పోయి కూర్చుంటే ఆమె తినే ప్రతి ముద్దకూ లెక్క ఉంటుంది, ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలిసే అన్నాను. మా ఆయన రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, మూడో రోజు "సరే, పండుగ పోయినంక" అన్నాడు. అంటే జనవరి నెలాఖరు.

అంతలో శ్యామలాదేవి మేడం నడక వచ్చి పడింది.

మేడం మా పై వాటాలో ఉండేది. ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పేది, సొంతూరు భీమిలి. నెలకు రెండు ఆదివారాలు పదీ పన్నెండు మందిని పోగేసి గుట్టలూ అడవులూ తిప్పేది. ఒక్క రూపాయి రాదు, కాళ్లనొప్పులు మాత్రం వస్తాయి. ఎందుకు పోతారో నాకు అర్థమయ్యేది కాదు. బస్సు పోని చోటికి డబ్బులు పెట్టుకుని పోవడమేమిటి? ఏముంటుంది అక్కడ? ఆ కుతూహలంతోనే ఒకసారి నేనూ పోయాను, మౌలాలి గుట్టకు. వెనక్కి తిరిగి చూస్తే, పిలవకుండానే, చంకలో ఒక యూరియా సంచితో మా అత్తమ్మ.

మేడం నడకకు ఒక నియమం ఉంది. దారిలో చెత్త కనపడితే ఎవరూ వదలకూడదు, ఏరి కిందికి తేవాలి. మిగతావాళ్లు వేళ్లకు అంటకుండా నాలుగు కవర్లు తెచ్చారు. అత్తమ్మ సంచి నిండా తెచ్చింది. మేడం ముఖం వెలిగిపోయింది.

"నర్సమ్మ గారూ, ఇంతమందిలో నా మాట విన్నది మీరొక్కరే" అంది.

"గింతకు గింత సంబురమేంది పంతులమ్మా? మల్ల ఇదంత జవహర్‌నగర్ల చెత్తగుట్ట మీదికే పోతది. ఈ గుట్ట కాడికెంచి ఆ గుట్ట కాడికి" అంది అత్తమ్మ. అంది గాని, ఆ రాత్రి కడుపునిండా తింది. నా డబ్బాల జోలికి కూడా రాలేదు.

జనవరిలో మేడం తన ఊరికి ప్రయాణం పెట్టింది. సముద్రం ఒడ్డున అడవిదారుల్లో నడక. తోటలు, ఎర్రమట్టి దిబ్బలు, కొండ అంచు మీంచి సముద్రం. ఆమె చెబుతుంటే నాకు ఆశ పుట్టింది. ముప్పైరెండేళ్లు వచ్చాయి, సముద్రం చూడలేదు. అత్తమ్మా చూడలేదు. ఇక్కడే నా బుద్ధి ఇంకో లెక్క వేసింది. ఎలాగూ పంపేస్తున్నాం కదా, ఒకసారి సముద్రం చూపిస్తే నా మనసు కూడా తేలికపడుతుందని. మా ఆయన కూడా అందుకే టికెట్లకు ఒప్పుకున్నాడు.

"సముద్రమా? నన్నెందుకు?" అని అనుమానంగా అడిగింది అత్తమ్మ. మరుక్షణమే, "సంచి తెచ్చుకోవచ్చునా?" అంది.

శనివారం పొద్దున వైజాగ్‌లో దిగి భీమిలి బస్సెక్కాం. కుడివైపు కిటికీలో సముద్రం. నేనైతే చిన్నపిల్లలా లేచి నిలబడ్డాను. అత్తమ్మ మాత్రం కూర్చున్నచోటే కూర్చుని, రెప్ప వేయకుండా చూసింది.  ప్రతిదానికీ ఒక మాట అనే మనిషి ఏమీ అనకపోయేసరికి, లోపల ఏమనుకుంటోందా అని నాకు సముద్రంకన్నా ఆమె మీదే ధ్యాస పెరిగింది.

ఆదివారం ఆరున్నరకు నడక మొదలైంది. పదకొండు మందిమి. మేడం ముందు, పవన్‌కుమార్ అని ఉప్పల్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఆమె వెనక, నేను మధ్యలో. అందరికన్నా వెనక అత్తమ్మ. ఊడ్చేవాళ్లు ఎప్పుడూ వెనకే ఉండాలట, ముందు నడిస్తే వెనక పడింది ఎవరు చూస్తారని ఆమె వాదం. బయలుదేరేముందు మేడం ఏవో జాగ్రత్తలు చెప్పినప్పుడు నేను సగమే విన్నాను, అత్తమ్మ అసలు అక్కడే లేదు. చాయ్ కొట్టువాడితో, గ్లాసులు కడిగిన నీళ్లు రోడ్డు మీద పోస్తున్నాడని తగువు పడుతోంది.

మొదట సరుగుడు తోట. గాలి తగిలితే ఆ చెట్లు వానలా చప్పుడు చేస్తాయి. నేను రెండుసార్లు పైకి చూశాను, నిజంగా చినుకులేమోనని. తరువాత జీడిమామిడి. కొమ్మలు నేలమీద పాకి, మళ్లీ లేచి, మళ్లీ పాకి ఎటుపడితే అటు పోతాయి. ఆ తరువాత ఎర్రమట్టి దిబ్బలు. రెండు పక్కలా ఎర్రటి గోడలు, మధ్యలో ఒక మనిషి పట్టే సందు. ఒక సందు రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. మన పాతబస్తీ గల్లీలు నయం, అడగడానికి మనుషులైనా ఉంటారు.

"ఇదంతా సముద్రపు ఇసుకే పద్మా. గాలి తెచ్చి పోసింది. వాననీళ్లు కోసి సందులు చేశాయి" అంది మేడం.

"ఎన్నేండ్లు పట్టింది మేడం?"

"వేలు."

గోడ మీద చేయి పెడితే వెచ్చగా ఉంది. ఇంత మట్టిని గాలి పోసిందా అని ఎంతసేపు చూసినా నమ్మబుద్ధి కాలేదు. మేడం మాత్రం ప్రతి మలుపులోనూ ఆగి, ఇటూ అటూ చూసి, తల ఊపి, ఒక సందులోకి మళ్లేది.

పది దాటాక కొండ ఎక్కాం. పైన చెట్లు అయిపోయి ఒక్కసారిగా ఆకాశం. పది అడుగులు వేస్తే నేలే లేదు. కింద, చాలా కింద, సముద్రం రాళ్లను కొడుతోంది. కుడిపక్కన వంకీలు తిరిగి పోతున్న ఇసుక ఒడ్డు. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. అత్తమ్మ సంచి పక్కన పెట్టుకుని కొండ అంచున చతికిలబడింది. నేను పోయి పక్కన కూర్చున్నాను.

"ఎట్లున్నది అత్తమ్మా?" నిన్నటి నుంచీ అడగాలని ఉన్న మాట అడిగేశాను.

ఆమె ఒడ్డు వైపు చూపించింది. "నిన్నటి సంది సూస్తున్న. మస్తు సాఫ్ ఊడుస్తుంది. ఒక్క గీత ఉంచది." ఒక అల వచ్చి పోయేదాకా చూసి, "ఊడ్సి మల్ల ఆడనే పోస్తది. దీనికి జవాను లేడు గావచ్చు" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"దీన్ని ఎవలు ఆపమనలే సూడు" అంది.

 లేచి, పులిహోర పొట్లాలు విప్పడానికని మేడం దగ్గరికి పోయాను.

దిగేటప్పుడు జరిగింది అసలు సంగతి. సాయంత్రం ఐదుంబావుకు వైజాగ్‌లో రైలు. మధ్యాహ్నం రెండింటికి రోడ్డెక్కితే సులువుగా అందుకుంటాం. దిబ్బల్లోకి దిగి మొదటి చీలిక దగ్గర మేడం ఆగిపోయింది. ఇటు చూసింది, అటు చూసింది. పొద పక్కకు పోయి కొమ్మలు పట్టి వెతికింది.

"ఇక్కడ నీలం గుడ్డ ఉండాలే" అంది.

"ఏం గుడ్డ మేడం?" అన్నాను.

"మా గిరిప్రసాద్ నిన్న వచ్చి కట్టి వెళ్లాడు కదమ్మా." గిరిప్రసాద్ ఆమె అన్న కొడుకు, ఆ ఊళ్లోనే ఉంటాడు. "ఇవాళ వాడికి పెళ్లి పని ఉండి రాలేనన్నాడు. పాత చీర పీలికలు చేసి మలుపు మలుపుకీ కట్టాడు. వాటిని చూసుకునే కదా వచ్చాం. పొద్దున అందరికీ చెప్పాను, గుర్తులు జాగ్రత్త అని."

అందరం మేడం ముఖం చూస్తున్నాం. వెనకనుంచి అత్తమ్మ గొంతు వచ్చింది.

"నీలం గుడ్డలా?" సంచిలో చేయి పెట్టి ఒక పీలిక తీసింది. "గివేనా?"

 అత్తమ్మ ఇంకోటి తీసింది. ఇంకోటి. "కంపలకు వేలాడుతుంటే ఎవలో పారేసిన్రు అనుకున్న. చెత్త ఇడిసిపెట్టద్దంటిరి గదా" అంది. అనేసరికే ఆమెకు అర్థమైపోయింది. పీలికలు పట్టుకున్న చేయి అలాగే కిందికి జారింది.

పవన్‌కుమార్ ఫోన్ పైకెత్తి చూశాడు. ఆ గోడల మధ్య సిగ్నల్ లేదు. "అయిపోయింది. రైలూ పోయింది, రేపు నా రివ్యూ మీటింగూ పోయింది" అని, నా వైపు తిరిగి, "అసలు ఈవిణ్ణెందుకు తీసుకొచ్చారండీ?" అన్నాడు.

ఆమె వినేలాగే అన్నాడు. నాకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. కోపం కూడా వచ్చింది, అతని మీద కాదు, ఆమె మీద. పోగానే, పండగ దాకా ఎందుకు, మొదటి బస్సుకే జనగాం అనుకున్నాను. ఆ మాట మనసులో అనుకున్నది అనుకున్నట్టు చెబుతున్నాను.

ఒక సందులోకి పోయి చూశాం. ఇరవై నిమిషాలు నడిచాక ఎదురుగా గోడ. వెనక్కి వచ్చాం. ఇంకో సందు. అదీ అంతే. ఎండ నెత్తి మీదికి వచ్చింది. నీళ్ల సీసాలు సగమయ్యాయి. మేడం ఒక బండ మీద కూలబడి చెమట తుడుచుకుంటోంది. ఆమె కళ్లల్లో భయం చూశాక నాకూ భయం వేసింది.

అత్తమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. వచ్చి మా మధ్యలో కూర్చుని, సంచి వంచింది. కుమ్మరించలేదు. పైనుంచి ఒక్కొక్కటే తీసి వరసగా నేల మీద పెట్టసాగింది. గుట్కా ప్యాకెట్. సోడా మూత. నీలం పీలిక. చిరిగిన చెప్పు. బిస్కెట్ కవర్. మళ్లీ పీలిక.

"ఏం చేస్తున్నవ్ అత్తమ్మా?" విసుగ్గా అన్నాను.

"పైన ఉన్నది ఆఖరికి ఏరిన. అడుగున ఉన్నది మొదాలు ఏరిన" అంది. "ఈ గుట్కా గీ బండ కాడనే దొరికింది. సోడా మూత, గోడల ఏర్లు బయటికొచ్చిన కాడ. గాడికి పోతే పీలిక. గది ఎర్రగోడకు తెల్ల సార ఉన్న కాడ, ఎడమ చెయ్యి పక్క కంపకుండె."

"ఇవన్నీ ఎట్ల యాదికున్నయి?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఏరినదాన్ని నేనే గదనే. చెయ్యికి యాదుండదా?"

ఇరవై రెండేళ్లు ఆ మూడు వీధుల్లో ఎవరి గడప ముందు ఏం పడుతుందో ఆమెకు తెలుసు. నాచారంలో ఎవరి చెవికమ్మ పోయినా ముందు మా ఇంటికే వచ్చేవాళ్లు. నాకది గుర్తు రావడానికి ఆ ఎండ, ఆ గోడలు కావలసి వచ్చింది.

లేచాం. తీసినవన్నీ అదే వరసలో మళ్లీ సంచికెత్తుకుని, ఈసారి అత్తమ్మ ముందు. సోడా మూత చేతిలో పట్టుకుని గోడలు చూస్తూ నడిచింది. వేర్లు కనిపించాయి. మూత కొంగున వేసుకుని సంచిలోంచి పీలిక అందుకుంది. తెల్ల చార కనిపించింది. అప్పటిదాకా వెనకపడి వస్తున్న పవన్‌కుమార్ ముందుకు వచ్చి, "మామ్మగారూ, సంచి నేను పట్టుకుంటాను, మీరు చూడండి" అన్నాడు. ఆమె ఇచ్చింది. ఆ అబ్బాయి ఒక్కొక్కటే అందిస్తుంటే, ఆమె చెబుతూ పోయింది. చెప్పు, మేక పెంటికల కాడ. బిస్కెట్ కవర్, గోడ పగిలి పడ్డ కాడ.

ఒక్కచోట ఆగింది. మూడు సందులు. చేతిలో రెండు పాన్‌మసాలా కాగితాలు, రెండూ ఒకటే రకం. ఒకటి ఈ మలుపులో దొరికింది, ఇంకోటి తరువాతి మలుపులో. ఏది ఎక్కడిది? ఆమె రెండూ వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇది మెత్తగున్నది. నీడల ఉన్నది, మంచుకు నానింది. ఇంకోటి పెళపెళ అంటుంది, ఎండల ఉన్నది, గది ఈ ఎండ కాడిదే" అని, మూడు సందుల్లోకీ తొంగి చూసి, ఎండ పడని సందులోకి నడిచింది. పదిహేను అడుగుల్లో జీడిమామిడి కొమ్మ కనిపించింది. పొద్దున ఆ కొమ్మ కిందనుంచి వంగి వచ్చిన సంగతి అప్పుడు అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. కేకలు పెట్టాం.

రెండున్నరకు రోడ్డు మీద ఉన్నాం. బస్సులో మేడం అత్తమ్మ పక్కన కూర్చుని, "తప్పు నాదేనండీ నర్సమ్మ గారూ. గుర్తుల సంగతి మీకు చెప్పనే లేదు. వెనక నడుస్తున్నారని మర్చిపోయాను" అంది. వచ్చే నడకకు తప్పకుండా రావాలంది. అత్తమ్మ నా వైపు ఒకసారి చూసి, "సూద్దాం పంతులమ్మా" అంది.

రైలు అందింది. పొగమంచు వల్ల మూడు గంటలు ఆలస్యంగా నడిచింది. పొద్దున ఏడు దాటాక నాకు మెలకువ వచ్చేసరికి ఎదురు సీటు ఖాళీగా ఉంది. రైలు ఆగి ఉంది. కిటికీలోంచి చూస్తే, పసుపు బోర్డు మీద జనగామ.

పరుగున తలుపు దగ్గరికి పోయాను. అత్తమ్మ బట్టల మూట చంకన పెట్టుకుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, కింది మెట్టు మీద నిలబడి ఉంది.

"అత్తమ్మా, ఏడికి?"

"జనగాం వచ్చింది గదనే. ఎట్లయినా దింపాల్నంటిరి. మల్ల బాలరాజు డ్యూటికి ఒక నాగ వెట్టుకుని రావుడెందుకు? ఈడనే దిగిపోత."

 "ఎవరు జెప్పిన్రు నీకు?" అన్నాను.

"ఎవలు జెప్పాలె? నీళ్ల బిందె తలుపు కాడ దించిన, ఇన్న. నువ్వే అన్నవ్. వాడు మొదాలు వద్దన్నడు" అంది. గొంతులో కోపం లేదు. ఆ సోడా మూత ఎక్కడ దొరికిందో చెప్పినట్టే చెప్పింది.

రెండు నెలలుగా తెలుసు. తెలిసే నా చేతి అన్నం తింది. తెలిసే నాతో రైలెక్కింది.

"ఎరుకై గూడ నా ఎంట ఎందుకొచ్చినవ్?"

"మరి సముద్రం సూడొద్దా?" అంది.

ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు. మెట్టు మీదికి వంగి ఆమె చంకలోని మూట లాక్కున్నాను. ఆమె రెండు క్షణాలు వదల్లేదు. తరువాత వదిలింది. రైలు కూత వేసింది.

"తప్పయింది అత్తమ్మా. ఇంటికి పోదాం రా."

ఆమె ప్లాట్‌ఫారం వైపు చూసింది, నా వైపు చూసింది. రైలు కదలడం మొదలుపెట్టాక పైమెట్టు ఎక్కింది. నేను మూటను నా సీటు కిందికి, గోడ దాకా తోసి, దానికి అడ్డంగా కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. ఆమె తన సీటుకు పోలేదు. నా ముందే నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"తప్పైతే ఐంది తియ్యి. జరుగు, జర కూసోనియ్యి" అంది.

నేను జరిగాను.